పట్టా సంగతి ముందు చూడు, అల్లుడూ

పద్మనాభం, విశాఖపట్నం జిల్లా

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న పోయాక పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కింద వచ్చే రైతు సాయం ఆగిపోయిందని, నువ్వు సెలవులు పెట్టి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నావని అమ్మ చెప్పింది. బ్యాంకువాళ్ల చేతిలో ఏమీ లేదు. సాయం మీ నాన్న పేర మంజూరైంది, ఆయనతోనే ముగిసింది. ఇప్పుడు వారసుల పేర కొత్తగా పెట్టుకోవాలి. ఆయన ఖాతాలో తర్వాత ఏదైనా విడత పడి ఉంటే మాత్రం తీయవద్దు, రేపు తిరిగి కట్టమంటారు.

మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చేతికొచ్చాక భూమి రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్‌కు దరఖాస్తు చెయ్యి. ఎవరి పేరకు మార్చాలన్న దగ్గర తొందరపడకు. కొడుకువి కాబట్టి నీ పేరకే మార్చమని ఊళ్లో అందరూ చెబుతారు. నువ్వేమో గాజువాకలో ప్రభుత్వరంగ ఉద్యోగివి, ఆదాయపు పన్ను కూడా కడుతున్నావు. ఈ రెండిట్లో ఏ ఒక్కటున్నా పీఎం కిసాన్ రాదు. అయినా మడిలో దిగేది అమ్మ, ఎరువు మోయించేది అమ్మ. సాయం మాట అలా ఉంచు, పట్టా ఆమె పేర ఉండటమే ధర్మం. వితంతు పింఛను అడ్డొస్తుందేమోనని ఆమెకు బెంగ. నిబంధనలో అడ్డుగా ఉన్నది నెలకు 10,000 రూపాయలు, ఆపైన వచ్చే ఉద్యోగ విరమణ పింఛను మాత్రమేనని నచ్చజెప్పు.

ఎవరి మాటో విని అమ్మకు అమ్మకం దస్తావేజు రాయించేవు! 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి పీఎం కిసాన్ వర్తించదు, వారసత్వంగా వచ్చినదానికైతే ఆ అడ్డు లేదు. అందుకే మార్పు వారసత్వం కిందే జరగాలి. పేరెక్కాక యజమాని వివరాలుండే 1బీ, సాగు వివరాలుండే అడంగల్ నకళ్లు తీసి కళ్లతో చూసుకో. అమ్మ ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందని నా అనుమానం. అదే నిజమైతే ముందు అది సరిచేయించు, లేకపోతే దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది.

తర్వాత ఖాతా. డ్వాక్రా కోసం ఒకటి, బంగారం తాకట్టు పెట్టినప్పుడు ఇంకొకటి తెరిచింది కదా. ఆధార్ ఆఖరున ఏ ఖాతాకు కలిపితే సొమ్ము అందులోనే పడుతుంది. డబ్బు రాలేదని శాపనార్థాలు పెట్టినవాళ్ల డబ్బు మరిచిపోయిన పాస్‌బుక్‌లో దొరకడం నేను చూశాను.

ఆధార్‌తో గుర్తింపు నిర్ధారించే ఈ-కేవైసీకి అమ్మను వెంటబెట్టుకుని వెళ్లు. నారు తీసీ తీసీ ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. గాజు పలక మీద ఎన్నిసార్లు నొక్కినా యంత్రం గుర్తించదు, ఆమె చిన్నబుచ్చుకుంటుంది. అక్కడ విసుక్కోకు. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి కూడా పూర్తి చేయవచ్చు. ఆ యాప్ ప్లే స్టోర్ నుంచే దించుకో. వాట్సాప్‌లో ఆ పేరుతో వచ్చే ఫైలు తెరిచావో, ఉన్నది కూడా ఊడ్చుకుపోతారు. సందేహముంటే పీఎం కిసాన్ సహాయ నంబరు 155261కు ఫోను చెయ్యి.

ఇంతా చేస్తే వచ్చేది కేంద్రం 2,000 చొప్పున మూడు విడతల్లో ఇచ్చే 6,000, అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000, వెరసి ఏడాదికి 20,000. దున్నకం, కూలీల ఖర్చులో కొంత గడుస్తుంది. ఆ సొమ్మును చూసి కొత్త అప్పు మాత్రం చేయనివ్వకు.

చెరువు కింది చెక్క కౌలుకిచ్చారు కదా. కౌలుదారుకు ఇచ్చే సాగు హక్కు కార్డు కోసం ఆ రైతు సంతకం పెట్టమని అడిగితే మీ నాన్న పెట్టలేదు, భూమి పోతుందని భయపడ్డాడు. ఆ కార్డు పదకొండు నెలలకే, దానితో భూమి మీద హక్కేమీ రాదు. అది లేకపోతే అతనికి పంట రుణం, నష్టపరిహారం దొరకడం కష్టం. ఈసారి అమ్మ చేత సంతకం పెట్టించు. పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎవరు సాగుచేస్తే వాళ్ల పేరనే జరిగేలా, నాట్లు పడగానే రైతు సేవా కేంద్రానికి వెళ్లి చూసుకోండి.

ఇట్లు,
మామయ్య