టెక్ సందేహాలు: 2.0 అని కనిపిస్తే సరౌండ్ లేనట్టేనా?

1980ల నాటి హాలీవుడ్ సినిమాను ఆండ్రాయిడ్ బాక్సులో పెడితే రిసీవర్ (స్పీకర్లకు ధ్వనిని పంచి పంపే ఆంప్లిఫయర్) డిస్‌ప్లే మీద 2.0, అంటే రెండే ఛానళ్లు అని వస్తోందనీ, వెనుక స్పీకర్లు పలకడం లేదనీ, ఒక వీడియోలో చూపిన ‘5.1 కోడెక్’ ఏపీకే (ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్ ఫైలు) వేసుకోవచ్చా అనీ హనుమకొండ పాఠకుడొకరు అడిగారు. ఇదే ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచూ వస్తోంది.

వేసుకోవద్దు. 2.0 అన్నది లోపం కాదు. 1970ల మధ్యలో వచ్చిన డాల్బీ స్టీరియోలో ఎడమ, మధ్య, కుడి, సరౌండ్ అనే నాలుగు ఛానళ్లను 35 ఎంఎం ఫిల్ముపై రెండు ట్రాకుల్లోకి మడిచి పెట్టేవారు. రెండింటిలోనూ ఒకేలా ఉన్న ధ్వని మధ్య స్పీకరుకూ, పరస్పరం వ్యతిరేక ఫేజ్‌లో (ఒక ట్రాకులో తరంగం పైకి లేస్తుంటే రెండో దానిలో కిందికి దిగేలా) ఉన్నది వెనక్కీ వెళుతుంది. ఆ మడత విప్పవలసింది మీ రిసీవరే కనుక అందులో ప్రో లాజిక్ మోడ్ ఎంచుకోండి. అది లేని కొత్త రిసీవర్లలో ‘డాల్బీ సరౌండ్’ ఉంటుంది. 1982లో ఇళ్లకు వచ్చిన పాత డీకోడింగ్ పద్ధతికి పెట్టిన పేరునే 2014లో పూర్తిగా వేరైన అప్‌మిక్సర్‌కు (తక్కువ ఛానళ్ల ధ్వనిని ఎక్కువ స్పీకర్లకు పంచే పద్ధతికి) మళ్లీ పెట్టి జనాన్ని తికమక పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ పద్ధతి ఫేజ్ తేడా మీదే ఆధారపడుతుంది కాబట్టి బాక్సులోనూ టీవీలోనూ వర్చువల్ సరౌండ్ వంటి హంగులన్నీ ఆపేసి, రెండు ఛానళ్లనూ ఉన్నవి ఉన్నట్టుగా రిసీవరుకు పంపండి. అప్పుడైనా వెనుక నుంచి వచ్చేది సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించిన ఒకే ఒక్క ఛానల్. తుపాకీ గుండ్లు చెవుల చుట్టూ తిరుగుతాయని ఆశించకండి.

నన్ను కలవరపెట్టేది ఆ ఏపీకే. మడత విప్పే పని రిసీవరుది అయినప్పుడు బాక్సులో వేసే యాప్ దేనికి? చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్ని మాల్వేర్‌తోనే అమ్ముడవుతున్నాయని 2023లో బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది. అలాంటి బాక్సులు మీ ఇంటి ఇంటర్నెట్‌ను మీకు తెలియకుండా ఎవరికో అప్పగిస్తాయి, సినిమా మాత్రం ఎప్పటిలాగే ఆడుతూ ఉంటుంది. ఏపీకేను ఇప్పటికే వేసి ఉంటే బాక్సును ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అందులో వాడిన ఖాతా పాస్‌వర్డును ఫోన్ నుంచి మార్చండి. ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (గూగుల్ ఇచ్చే భద్రతా గుర్తింపు) లేని బాక్సు అయితే రీసెట్ కూడా చాలకపోవచ్చు. దాన్ని వైఫై నుంచి తప్పించి, సినిమాను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చూడండి.