మంచు మీద మొదటి అడుగులు: షామోనీ లోయ

ప్రశ్న: జెనీవాలో ఉంటున్నాం. ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆల్ప్స్‌లోని షామోనీ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, ముగ్గురికీ స్కీయింగ్ కొత్తే. లోయ మొత్తానికీ ఒకే లిఫ్టు పాస్ తీసుకోవడం మంచిదా?

జవాబు: మొదటి రెండు రోజులూ వద్దు. షామోనీలో స్కీ ప్రాంతాలు విడివిడిగా ఉంటాయి. బ్రెవాన్, ఫ్లెజెర్ అనే రెండు ప్రాంతాల మధ్య మాత్రం కేబుల్ కారు ఉంది. మిగతా చోట్లకు బస్సో రైలో ఎక్కాల్సిందే. ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంటే, బ్రెవాన్ వాలులు దాదాపు 2,000 మీటర్ల దగ్గర మొదలవుతాయి. ఫ్రాన్సులో స్కీ దారులకు రంగులుంటాయి: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు వరుసలో కష్టం పెరుగుతుంది. బ్రెవాన్ నుంచి ఊళ్లోకి దిగే దారి నలుపు. సాయంత్రం అలసిన కాళ్లతో అటు వెళ్లకండి, లిఫ్టులోనే దిగండి.

లోయ ఎగువ చివర లె టూర్ ఊళ్లో లా వోర్మేన్ అనే నేర్చుకునే మైదానం ఉంది. టికెట్టూ తక్కువే. అక్కడ శిక్షకుడి దగ్గర రెండు రోజులు నేర్చుకోండి. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు ఎడంగా పెట్టి, రెండు వైపులా తిరుగుతూ అనుకున్నచోట ఆగగలిగాకే పైనున్న బామ్ అనే స్కీ ప్రాంతంలోని నీలం దారులకు వెళ్లండి. బామ్ పైభాగంలో చెట్లుండవు. మబ్బు కమ్మితే వాలెటుందో కనిపించదు. అలాంటి రోజు లోయలోనే ఉన్న లెజూష్ స్కీ ప్రాంతం నయం, అడవి అంచు చూసుకుంటూ దిగొచ్చు.

ఫిబ్రవరిలో ఫ్రెంచి బడులకు సెలవులు. శిక్షకుణ్ణి ముందే మాట్లాడుకోండి. దెబ్బ తగిలి కిందికి మోసుకురావాల్సి వస్తే ఆ ఖర్చు మీదే, కాబట్టి పాస్‌తో పాటు ‘కారే నేజ్’ బీమా తప్పక తీసుకోండి.

మరొకరి ప్రశ్న: పోయినసారి స్కీయింగ్‌కి వెళ్లినప్పుడు అద్దె బూట్లతో వేళ్లు నొప్పెట్టాయి, మోకాలి కింద ఎముక కమిలిపోయింది. ఈసారి పెద్ద సైజు అడగాలా?

జవాబు: బహుశా అప్పుడే పెద్దవి ఇచ్చి ఉంటారు. బూటు వదులైతే మడమ లేచి పాదం ముందుకు జారుతుంది, వేళ్లు గోడకు కొట్టుకుంటాయి. స్కీ బూటు సైజంటే సెంటీమీటర్లలో పాదం పొడవు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. పల్చటి మేజోడు ఒకటే వేసుకోండి, లోపలి ప్యాంటు అంచు బూట్లోకి దూర్చకండి. మడమను నేలకు తట్టి వెనక్కి సర్ది, ముందు చీలమండ దగ్గరి బకిల్ బిగించండి. పాదం మీదవి ఊరికే తగిలిస్తే చాలు.

కొట్లో బరువు, ఎత్తు, వయసు, అనుభవం అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి ఊడాలో వాటిని బట్టే బిగిస్తారు. అనుభవం ఎక్కువ చెప్పుకుంటే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది.