ముందు పాప ఆరోగ్యం, తర్వాతే హాస్టల్ మాట

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లెటూరు. మా పెద్దపాప జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఐదడుగుల ఎనిమిదంగుళాల పొడవు. పీఈటీ సారు బాస్కెట్‌బాల్ నేర్పితే రెండేళ్లలోనే జిల్లా జట్టులోకి వచ్చింది. ఈ ఏడు అండర్-17లో రాష్ట్రస్థాయికి ఆడింది. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు హాస్టల్‌లో ఉంచుకుని ఆడిస్తామంటున్నారు. పోలేపల్లి సెజ్‌లో పనిచేసే మావారేమో పదో తరగతి అయ్యేదాకా బంతి ముట్టొద్దంటున్నారు. ఆడపిల్లకు ఆ నిక్కర్లేందని మా అత్తమ్మ గొడవ. పాప మాతో మాట్లాడటం తగ్గించింది. పొద్దున ఏమీ తినకుండానే గ్రౌండుకు పోతుంది. రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఆడేవాళ్లకు అది మామూలేనంటోంది. పంపాలా, ఆపాలా?
- ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, మీ ప్రశ్న కంటే దాని ముందున్న నాలుగు మాటలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. కళ్లు తిరగడం, నెలసరి ఆగడం ఆడేవాళ్లకు మామూలే అని మైదానాల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎదిగే వయసులో అంత కష్టపడుతూ, దానికి తగ్గట్టు తినకపోతే ఒంట్లో శక్తి చాలక నెలసరి ఆగిపోవచ్చు. అలాగే వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి. ఎగిరి దూకే ఆటలో ఎముక చిట్లిందంటే నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి. థైరాయిడ్ లాంటి వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి ఈ వారమే గైనకాలజిస్ట్‌కు చూపించండి. రక్తపరీక్ష చేయించండి. ఈ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. డాక్టర్ సరేననేదాకా ప్రాక్టీస్ తగ్గించమని పీఈటీ సారుకు మీరే చెప్పండి. పాపతో చెప్పిస్తే భయపడి దాచేస్తుంది.

పొద్దున ఎందుకు తినడం లేదో కోప్పడకుండా అడగండి. టైం చాలకా, నాన్న మీద అలకా, లేక బరువు తగ్గమని ఎవరైనా అన్నారా? చివరిదే అయితే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. టైం చాలకే అయితే దారి సులువు. గ్రౌండుకు పోయేముందు ఒక అరటిపండు, పల్లీపట్టీ. రాగానే గుడ్డు, జొన్నరొట్టె, తోటకూర పప్పు. పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ మాత్రం ఇవ్వకండి.

ఇక మీవారి సంగతి. ఆయనకు ఆట మీద కోపం ఉందని నాకనిపించడం లేదు. చదువు పోయి, ఆటా అక్కరకు రాకపోతే బిడ్డ ఏమైపోతుందన్న భయం అది. ఆ భయంలో న్యాయముంది. పంజాబ్ పల్లెటూరి నుంచి వెళ్లిన సత్నాం సింగ్‌ను 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, తీసుకున్నారు. భారతీయుల్లో అతనే మొదటివాడు. అంతటివాడికీ అక్కడ ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. కాబట్టి చదువు ఆపి ఆడించమని నేను చెప్పను. అయితే ఈ ఆటలో బతుకుదెరువే లేదనుకోవడమూ తప్పే. మహిళల జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వేస్ జట్టుదే పైచేయి. ఆ జట్టులో ఆడేది రైల్వేలో ఉద్యోగాలు చేసే అమ్మాయిలే. అక్కడిదాకా చేరేది కొందరే, కానీ డిగ్రీ కూడా చేతిలో ఉన్న అమ్మాయికి దారులు ఎక్కువ.

ఏడాది పాటు బంతి ముట్టొద్దనడం మాత్రం నాకు నచ్చలేదు. బలవంతంగా మాన్పిస్తే ఆ టైం పుస్తకాల మీదికి మళ్లుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడే మాట తగ్గించిన పిల్ల అప్పుడు పూర్తిగా మూసుకుపోతుంది. పదో తరగతిలో సాయంత్రం గంటన్నర ఆట, జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా వారానికి రెండు రోజులే అని ఒప్పందం చేసుకోండి. ఆ మాట మీవారే పాపతో కూర్చుని మాట్లాడితే సగం టెన్షన్ తీరుతుంది.

అత్తమ్మ గొడవ చిన్నదే. జట్టంతా ఒకే రంగువి వేసుకుంటే నిక్కర్ల కింద లెగ్గింగ్స్‌కు ఆట నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే అది పాప కోరుకుంటేనే. పెద్దావిడ నోరు మూయించడానికి పిల్ల మీద రుద్దకండి.

హాస్టల్ విషయం ఇప్పుడే తేల్చకండి. ఆరోగ్యం కుదుటపడ్డాక, అకాడమీ వాళ్లు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో కొన్నాళ్లు ఉంచి చూడండి. ముందు మీరిద్దరూ స్వయంగా వెళ్లండి. ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, రాత్రి లేడీ వార్డెన్ అక్కడే ఉంటుందా, ఏ బడికి పంపుతారు, దెబ్బ తగిలితే ఖర్చెవరిది, రోజూ ఇంటికి ఫోన్ చేయనిస్తారా అని అడగండి. అక్కడున్న అమ్మాయిలతో కోచ్ ఎదురుగా లేనప్పుడు మాట్లాడండి. ఎవరైనా ఒంటరిగా గదికి పిలిచినా, ఇబ్బంది కలిగేలా తాకినా వెంటనే మీకు చెప్పాలని, పిల్లల సహాయానికి 1098 నంబర్ ఉందని పాపకు చెప్పి ఉంచండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటైతే, ఎంత పేరున్నదైనా పాపను అక్కడ వదలకండి. జడ్చర్లలోనే ఉండి పీఈటీ సారు దగ్గర మరో ఏడాది ఆడితే ఆమె ఆటకు వచ్చే నష్టమేమీ లేదు.