ఏఐ సెమినార్లు అర్థం కాకపోయినా వెళ్లాలా?

బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నానని, కాలేజీలో ఏఐ రీసెర్చ్ సెమినార్లకు వెళ్తే పది నిమిషాల తర్వాత ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదని, అయినా వెళ్లాలా అని అడిగారు.

వెళ్లండి. కాకపోతే అన్నింటికీ కాదు. ఎంటెక్ చదివిన రెండేళ్లూ మా డిపార్ట్‌మెంట్‌లో వారంవారం జరిగే సెమినార్లకు వెళ్లాను. మొదటి సెమిస్టరంతా సమోసా కోసమే వెళ్లానంటే అబద్ధం కాదు. స్లైడ్ మీద ఈక్వేషన్ కనబడితే ఫోన్ తీసేవాడిని.

ఆ అలవాటు మాన్పించింది మిరపాకు. ఆ రోజు ఒక రీసెర్చ్ స్కాలర్, ఆకు ఫోటో చూసి తెగులు కనిపెట్టే ఏఐ మోడళ్ల గురించి చెప్పారు. ప్లాంట్‌విలేజ్ అనే ఫోటోల సేకరణ మీద 2016లో వచ్చిన రీసెర్చ్ పేపర్ అది. 54,306 ఫోటోలు, 14 పంటలు, 99.35 శాతం కచ్చితత్వం. ఆ అంకె చూడగానే ఫోన్ జేబులో పెట్టేశాను. మా నాన్న మిరప రైతు మరి.

అసలు సంగతి తర్వాతి స్లైడ్‌లో ఉంది. అవి ఆకును తెంపి, కాగితం మీద పెట్టి తీసిన ఫోటోలట. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అదే పద్ధతి 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఈ మాట దాచకుండా పేపర్ రాసినవాళ్లే రాశారు. నాకు మా చేను గుర్తొచ్చింది. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. ఆకును కాగితం మీద చదునుగా పరిచేస్తే ముడత ఎటుందో మోడల్‌కి ఎలా తెలుస్తుంది? చెయ్యెత్తి అడిగేశాను. అసలు అందులో మనం పండించే మిరపే లేదని, ఉన్నది బెంగుళూరు మిర్చి అని చెప్పి, "నువ్వే ప్రాజెక్టుగా చెయ్యరాదూ" అన్నారాయన.

చేశాను. సెలవుల్లో చేలో ఫోన్‌తో ఫోటోలు తీస్తే, ఏది పై ముడతో ఏది కింది ముడతో నాన్న చెప్పేవాడు. గాలికి ఆకులు కదిలి సగం ఫోటోలు పాడయ్యాయి, ఫలితాలూ అంతంతమాత్రమే. కానీ ఆ తర్వాత ఏ సెమినార్‌లో కూర్చున్నా ముందు చూసేది ఒకటే: డేటా ఎక్కడిది, దానికి పేర్లు పెట్టింది ఎవరు? ఇది పట్టుకోవడానికి పెద్ద లెక్కలేం రానక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపెట్టే మోడళ్ల మీద 2018లో ఒక పేపర్ వచ్చింది. జబ్బు సంగతి అలా ఉంచితే, ఆ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో మోడల్ ఇట్టే పసిగట్టగలదని తేలింది. అంటే జబ్బును కాక ఆసుపత్రిని చూసి కూడా జవాబు చెప్పెయ్యొచ్చన్నమాట. అది విన్నప్పుడు నాకు కాగితం మీది ఆకే గుర్తొచ్చింది.

ముందురోజు పేపర్ అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), ఫలితాల పట్టిక ఒకటి చూసుకుని వెళ్లండి. అందరి ముందూ అడగాలంటే టెన్షన్‌గా ఉంటే టీ దగ్గర పట్టుకోండి, నిజానికి అక్కడే ఎక్కువ చెప్తారు. బ్యానర్లు, బొకేలు, శాలువాలతోనే గంట గడిచిపోయి చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే సెమినార్లుంటాయి చూడండి, వాటికి మాత్రం నేను వెళ్లను.

మీ బ్రాంచ్ ఏదో రాయలేదు. మీ ఇంట్లోవాళ్ల పనికో, మీకు బాగా తెలిసిన విషయానికో దగ్గరగా ఉన్న సెమినార్‌తో మొదలుపెట్టండి.