ఒకటో నంబర్ ఆప్షన్ ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కాలేజీలు వెతకడం, అప్లికేషన్లు, కౌన్సెలింగ్... వీటిలో తల్లిదండ్రులు ఎంతవరకు కల్పించుకోవాలి?

కాగితాల వరకు. డబ్బుల వరకు. బస్సెక్కించి కాలేజీ గేటు దాకా తీసుకెళ్ళి చూపించడం వరకు. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరసగా ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు, కంప్యూటర్ ముందు కుర్చీ మాత్రం పిల్లలది. ఇది నేను ఎక్కడో విన్న మాట కాదు. 2023లో నేనే చేసిన పని చూసి చెబుతున్నాను.

నాకు గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, ట్యాంకు స్టాండ్లు, అప్పుడప్పుడు కంపెనీల సబ్ కాంట్రాక్టు పని. మా ఆవిడకీ ఉద్యోగం ఉండడంతో మా అమ్మాయి స్కూలు నుంచి నేరుగా షెడ్డుకే వచ్చి, ఆఫీసు గదిలో హోంవర్కు చేసుకునేది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఒక బ్రాకెట్ ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మేం వెల్డింగ్ చేసి పంపిన సరుకే, విరిగి వెనక్కొచ్చింది. ఆ సంగతి మీదే నేను చిరాగ్గా ఉన్నాను.

"నాన్నా, నువ్వు అతికించిన చోట విరగలేదు చూడు. దానికి పక్కన విరిగింది. ఎందుకు?"

ఇరవై ఏళ్ళ పైగా ఇదే పని చేస్తున్నాను. విరిగిన ముక్కలు ఎన్నో చూశాను. ఆ పగులు గీత వెల్డింగ్ పూసకి, అంటే కరిగి గట్టిపడిన అతుకుకి ఆనుకుని, కత్తితో కోసినట్టు పోతుందని తెలుసు కానీ ఎందుకలా పోతుందో నాకు తెలియదు. "ఇనుము అంతేనమ్మా" అన్నాను. తను ఆ ముక్కని ఇంటికి తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టుకుంది. ఇంటర్ అయ్యేదాకా కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే బరువు పెట్టేది.

ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్‌లో వచ్చింది మరీ గొప్ప ర్యాంకు కాదు, తీసిపారేసేదీ కాదు. తను ఒక పొడుగు నోట్‌బుక్ కాగితం చించి, రెండు వైపులా ఆప్షన్లు రాసుకుంది. ఒకటి, ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) మెటలర్జీ, అంటే లోహాల ఇంజనీరింగ్. రెండు, ఏయూలో మెకానికల్. ఏడో నంబర్‌లో తగరపువలస వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రాసి, "ఇది నీ కోసం పెట్టాను నాన్నా" అంది.

ఆ వారమంతా ఇంటికి ఫోన్లే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావమరిది రోజూ ఒకటే మాట. "బావా, ఆడపిల్లకి మెటలర్జీ ఏంటి? నువ్వు పడ్డ కష్టం చాలదా?" ఆ రెండో ముక్క నాకు సూటిగా తగిలింది. నా ముంజేతుల మీద రవ్వలు పడి కాలిన మచ్చలు ఎన్నో ఉన్నాయి. కొన్ని రాత్రులు కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండి నిద్ర పట్టదు. నా కూతురు ఏసీ గదిలో కూర్చుని పని చేసుకోవాలని నాకు గట్టిగా ఉండేది. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. తప్పంతా ఆ తర్వాత చేసిన పనిలోనే ఉంది.

ఆప్షన్లు మార్చుకోవడానికి అది ఆఖరి రాత్రి. తను అన్నీ సేవ్ చేసి పడుకుంది. పాస్‌వర్డ్ ఆ కాగితం పైనే రాసి ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబర్ నాది. వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడు షట్టర్ సగం దించి ఉంటే, కింద నుంచి వంగి లోపలికెళ్ళాను. "బాబాయ్, ఓటీపీ చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఏడో నంబర్ తీసి ఒకటిలో పెట్టించాను. మిగతావి ముట్టుకోలేదు. ఒక్క లైనేగా జరిపింది, సీఎస్ఈ రాకపోతే ఎలాగూ కింద తనకు కావలసింది ఉంది అనుకుంటూ ఇంటికొచ్చి పడుకున్నాను.

ఇక్కడ మీకు ఒక విషయం తెలియాలి. మా చుట్టుపక్కల సగం మంది తల్లిదండ్రులకి ఇది తెలియదు. సీట్ల కేటాయింపులో కంప్యూటర్ మీ పిల్లల లిస్టును ఒకటో నంబర్ నుంచి చూసుకుంటూ వస్తుంది. ఆ ర్యాంకుకి, ఆ కేటగిరీకి ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. దాని కింద ఏముందో చూడదు. పైన ఇష్టమైనవి ఎన్ని పెట్టుకున్నా, అవి రాకపోతే కిందిది ఎక్కడికీ పోదు. "పెద్దవి పైన పెడితే చిన్నవి కూడా పోతాయి" అని భయపెట్టేవాళ్ళ మాట నమ్మొద్దు. కానీ అక్కర్లేనిది పైన పెట్టి అది గనక వచ్చేస్తే, కింద రాసుకున్నవన్నీ రాయనట్టే లెక్క.

అలాట్‌మెంట్ మెసేజ్ కూడా నా ఫోన్‌కే వచ్చింది. సీఎస్ఈ. అరకిలో కాజాలు కట్టించుకుని ఇంటికెళ్ళాను. తను లాగిన్ అయి, స్క్రీన్ మీద లిస్టు చూసి, పక్కన తన కాగితం పెట్టుకుని వేలితో ఒక్కొక్కటీ సరిచూసుకుంది. "ఒకటో నంబర్ ఎవరు మార్చారు?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. వాళ్ళమ్మ నా మొహం చూసింది. తను ఏడవలేదు, అరవలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ ఇనుప ముక్క కింద పెట్టింది. రెండు రోజులు భోజనం పెడితే తింది, పిలిస్తే "ఊఁ" అంది, అంతే. మూడో రోజు తెలిసింది, తన కంటే ర్యాంకులో రెండు వేలు వెనక ఉన్న క్లాస్‌మేట్‌కి ఏయూలో మెటలర్జీ వచ్చిందని. ఆ కబురు చెప్పింది కూడా తనే, మామూలు గొంతుతోనే. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

రెండో విడత కౌన్సెలింగ్‌కి తనే కూర్చుంది. నేను వెనక మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఓటీపీ వచ్చినప్పుడు అంకెలు చదివాను. ఆ రోజు నా పని అంతవరకే. మెటలర్జీ సీట్లు అయిపోయాయి, మెకానికల్ వచ్చింది. ఈలోపు మొదటి కాలేజీలో ఇచ్చిన టీసీ, ఒరిజినల్స్ వెనక్కి తీసుకోవడానికి పదకొండు రోజులు తిరిగాను. రేపు రండి, సార్ లేరు, మళ్ళీ ఆలోచించుకోండి... ఊరికి ఈ చివర కూర్మన్నపాలెం నుంచి ఆ చివరకి వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట పోయేది. వేరేచోట సీటు వచ్చిన పిల్లల కాగితాలు అంతకాలం బీరువాలో పెట్టుకునే హక్కు వాళ్ళకెక్కడిది?

ఇప్పుడు తనది మూడో సంవత్సరం. మొన్నామధ్య ఒక ఆదివారం షెడ్డుకి వచ్చి, ఆ ముక్క గురించి తనే చెప్పింది. వెల్డింగ్ వేడికి పూస పక్కనున్న సన్నని పట్టీ ఎర్రగా కాగి, చుట్టూ ఉన్న చల్లటి ప్లేటు ఆ వేడిని ఒక్కసారిగా లాగేయడంతో అక్కడ గట్టిపడి పెళుసవుతుందట. పైగా మన సముద్రపు గాలికి రాడ్లు చెమ్మ పీల్చుకుంటే ఆ చెమ్మలోంచి హైడ్రోజన్ లోహంలోకి చేరి పగులు తెస్తుందట. "మందం ప్లేటైతే ముందు వేడి చెయ్యి నాన్నా. 7018 వెల్డింగ్ రాడ్లు బయట పడెయ్యకు, ఓవెన్‌లో ఆరబెట్టి వాడు" అంది. ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

మీ ప్రశ్నకి వస్తాను. మీరు చేయాల్సిన పని చాలా ఉంది, అది మీ అబ్బాయి చేయలేడు. ఐఐటీ, ఎన్ఐటీల సీట్లకి జరిగే జాతీయ స్థాయి కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళేట్టయితే, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ గానీ, ఈడబ్ల్యూఎస్ గానీ, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదే కావాలి. మన రాష్ట్రంలో వాడే బీసీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు, అది కేంద్రం నమూనాలో ఉండాలి. వార్డు సచివాలయానికీ తహసీల్దార్ ఆఫీసుకీ తిరిగే పని పిల్లవాడి మీద వేయొద్దు, పరీక్షల టైములో వాడికి ఆ టెన్షన్ ఎందుకు? ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైలులో పెట్టండి.

ఇంకోటి. ఇంటర్ కాలేజీల్లో ఈఏపీసెట్, జేఈఈ తప్ప వేరే పరీక్ష పేరే ఎత్తరు. మా అమ్మాయికీ ఎవరూ చెప్పలేదు. సబ్బవరం దగ్గరే మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఓడల నిర్మాణం మీద బీటెక్ ఉంది. దానికి ఐఎంయూ సెట్ వేరే రాయాలి. దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ కూడా అక్కడే, దానికి క్లాట్ రాయాలి. షిప్‌యార్డ్ ఉన్న ఊళ్ళో పుట్టి, ఓడలు కట్టే చదువు పక్కనే ఉందని మన పిల్లలకి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రైవేటు కాలేజీల అడ్మిషన్ల వాళ్ళు ఇంటర్ పరీక్షలు అయిన రోజు నుంచే ఫోన్లు చేస్తారు. కౌన్సెలింగ్ మొదలవకుండానే "మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కట్టేయండి, తర్వాత దొరకదు" అంటారు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకుల మీద జరిగే ఈ కౌన్సెలింగ్‌లోనే నింపుతారు, కంగారు పడకండి. మా నంబర్లు వాళ్ళకి ఎవరు ఇస్తున్నారో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాలేజీలు చూడడానికి సెలవు రోజు కాకుండా మామూలు రోజు వెళ్ళండి, బస్సులోనే. పొద్దున ఏడున్నరకి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర నిలబడితేనే నాలుగేళ్ళ ప్రయాణం ఎలా ఉంటుందో వాడికీ మీకూ తెలుస్తుంది. లోపలికెళ్ళాక ఆఫీసులో మీరు మాట్లాడండి, వాణ్ణి క్యాంటీన్‌కి పంపండి. అక్కడ సీనియర్లు నిజం చెబుతారు.

మా వాడు కూడా ఇప్పుడు ఇంటరే. ఈసారి రిజిస్ట్రేషన్‌లో వాడి ఫోన్ నంబరే ఇస్తాం, వాళ్ళక్క ముందే చెప్పి పెట్టింది. వాడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంది. సోమవారం దాని మీదే తిరగాలి. మీ అబ్బాయివి కూడా ఈ రాత్రికే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.