మీటింగ్ వింటూ వంట: ఇది మతిమరుపు జబ్బేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మీటింగ్ వింటూనే వంట చేస్తాను, మధ్యలో మెసేజ్‌లకు జవాబిస్తాను. ఈమధ్య పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేస్తున్నాను, మీటింగ్‌లో ఏం చెప్పారో గుర్తుండటం లేదు. ఇది మతిమరుపు జబ్బా?

సలహా: కంగారు పడకండి, మీరు రాసినదాన్ని బట్టి జబ్బులా అనిపించడం లేదు. ఉప్పు వేసింది మీరు మర్చిపోవడం కాదు, వేసేటప్పుడు ధ్యాస మీటింగ్‌లో ఉంది కాబట్టి ఆ సంగతి మనసుకు ఎక్కనే లేదు.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు, ఎందుకంటే చేతికి అలవాటైన పనికి ఆలోచన అక్కర్లేదు. కానీ ఒకరి మాట వినడం, మెసేజ్ రాయడం రెండింటికీ ధ్యాస కావాలి, అందుకే మెదడు దీన్ని వదిలి దాన్ని, దాన్ని వదిలి దీన్ని పట్టుకుంటూ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ కొంత టైమ్ పోతుంది, తప్పులూ పెరుగుతాయి. 2010లో అమెరికాలోని యూటా యూనివర్సిటీవాళ్లు 200 మందికి డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో ఫోన్ మాట్లాడిస్తూ పరీక్ష పెడితే, రెండింట్లోనూ ఏ మాత్రం తగ్గనివాళ్లు నూటికి రెండున్నర మందే. అందుకే హెడ్‌సెట్ ఉందిగా అని బండి నడుపుతూ మాట్లాడొద్దని నా పేషెంట్లందరినీ బతిమాలుతుంటాను.

మరి ఒకే సభలో ఎనిమిది మంది అడిగేవాటికి జవాబిచ్చే అష్టావధానులు చేస్తారు కదా అంటారు. జాగ్రత్తగా చూడండి, అవధాని కూడా పృచ్ఛకులను, అంటే ప్రశ్నలడిగేవారిని, ఒక్కొక్కరినే వరసగా తీసుకుంటారు, సమస్యకు (ఇచ్చిన పద్యపాదాన్ని పూరించడం) ఒక పాదం చెప్పాకే దత్తపదికి (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పడం) వెళతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం, అంటే సంబంధం లేని మాటలతో అడ్డుపడటం, పెట్టేదే ఆ ఏకాగ్రతకు పరీక్షగా. ఏళ్ల సాధన ఉన్నవారికే అంత కష్టమైతే, పొయ్యి ముందు నిలబడి మీరు ఇన్నాళ్లు నెట్టుకొచ్చారంటే ఎంత అలసిపోయి ఉంటారో!

మీటింగ్ ఉన్నంతసేపు స్టవ్ ఆపేయండి, వేడి నూనె దగ్గర పరధ్యానం ప్రమాదం. మెసేజ్‌లు గంటకోసారి చూస్తే చాలు, మిగతా టైమ్‌లో ఫోన్ పక్క గదిలో ఉంచండి. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర తప్పనిసరి. ఒకసారి థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి, వీటిలో తేడా ఉన్నా ధ్యాస నిలవదు. తెలిసిన దారి తప్పడం, మాట తడబడటం, రోజూ చేసే పని ఎలా చేయాలో తెలియకపోవడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌ను కలవండి.

ఈ జవాబు ఇంట్లోవాళ్లకు కూడా చూపించండి. మీ మీటింగ్ టైమ్‌లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పని ఇకపై వాళ్లది.