ఊసరవెల్లికి చేపల తొట్టె పనికిరాదు

"డాలస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి వెయిల్డ్ కమీలియన్ అనే ఊసరవెల్లి కొనిద్దామని. ఇంట్లో ఖాళీ చేపల తొట్టె ఉంది, అందులో పెట్టొచ్చా?" అని ఒకరు అడిగారు.

వద్దండీ. యెమెన్, సౌదీ కొండల్లో చెట్లు పట్టుకు బతికే జాతి అది. దానికి ఎత్తూ గాలీ కావాలి. ఎదిగిన మగదానికి 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తున్న మెష్ బోను తీసుకోండి. బోనును బల్ల ఎక్కించండి. పైకొమ్మ మీద కూర్చున్నప్పుడు అది మన కళ్లకన్నా ఎత్తులో ఉండాలి. పైనుంచి చెయ్యి దిగితే దాని లెక్కలో గద్ద వాలినట్టే.

అందరూ దెబ్బతినేది మాత్రం లైటు దగ్గర. షాపుల్లో స్టార్టర్ కిట్ అని అంటగట్టే మెలికలు తిరిగిన బల్బు తీసి పక్కన పెట్టండి. ఆ కిట్లు అమ్మడమే అన్యాయం. యూవీబీ అంటే ఒంట్లో డి విటమిన్ తయారవడానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు. 6 శాతం యూవీబీ ఇచ్చే టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే) ట్యూబు, రిఫ్లెక్టరున్న 2 అడుగుల ఫిక్చరు కొనండి. ట్యూబుకీ ఊసరవెల్లి వీపుకీ మధ్య 8, 9 అంగుళాలు ఉండాలి. కొమ్మ దాకా కొలిచి ఊరుకోకండి, వీపు దాకా కొలవండి. దూరం పెరిగితే పురుగుల మీద ఎంత క్యాల్షియం చల్లినా ఒంటికి పట్టదు. ముందు పట్టు సడలుతుంది. కొమ్మ అందుకోబోయి తన కాలినే తాను పట్టుకుంటుంది. తర్వాత ముంజేతులు విల్లులా వంగుతాయి. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, ఏడాదికోసారి మార్చాల్సిందే.

వేడి పైకొమ్మ దగ్గర మగదానికి 85 ఫారెన్‌హీట్, ఆడదానికి 80 చాలు. రాత్రి ఏ లైటూ వద్దు, ఎర్రది కూడా.

గిన్నెలో నీళ్లు పెడితే సాధారణంగా తాగదు. ఆకు కొసన చుక్క మెరవాలి. అప్పుడు ఒక కన్ను అటు తిప్పి, మెల్లగా ఊగుతూ వచ్చి, మూతి ఆనించి చప్పరిస్తుంది. అందుకే నిజమైన మొక్కలు పెట్టాలి. మందారం, మనీ ప్లాంట్ బాగుంటాయి. ఈ జాతి ఆకులు కొరుకుతుంది కాబట్టి నర్సరీ మందులు పోయేలా కడగండి. లైటు వెలగకముందు 2 నిమిషాలు, ఆరాక 2 నిమిషాలు నీళ్లు స్ప్రే చేయండి. పగలు మాత్రం బోను ఆరాలి, తడి నిలిస్తే ఊపిరితిత్తులకు చేటు. రెట్టలో తెల్లభాగం నారింజ రంగుకు తిరిగితే నీళ్లు చాలట్లేదన్నమాట. అడుగున బెరడు పరచకండి, పురుగుతోపాటు మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

ఆడదైతే మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. అడుగు లోతు తొట్టెలో తడి ఇసుక నింపి బోనులో ఉంచండి. తవ్విన సొరంగం కూలకుండా నిలిచేంత తడి ఉండాలి. తవ్వే చోటు దొరక్క గుడ్లు లోపలే ఉండిపోతే ప్రాణం పోతుంది.

ఊసరవెల్లిని తెచ్చేలోపు ఇవన్నీ 2 వారాలు ఖాళీగా నడపండి. వేడి హెచ్చుతగ్గులు, నీళ్లు కారే చోట్లు అప్పుడే బయటపడతాయి.